మగ పందులకు విత్తు కొట్టకుండా టీకాతో పోతు కంపు నివారణ: గోదావరి డెల్టా పెంపకందారులకు సమగ్ర మార్గదర్శి

మగ పందిపిల్లలకు బ్లేడుతో విత్తు కొట్టడం (వృషణాలు తీసివేయడం) మానివేసి టీకాతో అదే ఫలితం రాబట్టడం, అంటే మగ పంది మాంసం వండేటప్పుడు వచ్చే దుర్వాసన అయిన పోతు కంపు లేకుండా చేయడం ఎలాగని అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు సీమపందుల పెంపకందారులు తరచుగా అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువ మంది మొదట అనే మాట ఒక్కటే: "ఒక్క సూది వేస్తే సరిపోదాండీ డాక్టరుగారూ?" సరిపోదు. ఈ పద్ధతిలో పని జరిగేది రెండో సూదితో. మొదటి సూది ఒంటిని దానికి సిద్ధం చేస్తుంది, అంతే. ఈ ఒక్క సంగతి సరిగా పట్టుబడితే మిగిలిన అంచెలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఇక్కడ చెప్పిన మోతాదులు, గడువులు మగ పందుల కోసం తయారైన, జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోన్‌ను అడ్డుకునే టీకాకు సంబంధించినవి. ఆస్ట్రేలియా, యూరప్ దేశాల్లో ఇంప్రోవాక్ అనే పేరుతో వాడుకలో ఉన్నది ఈ రకమే. మీ చేతికి వచ్చిన సీసా మీద, దానితో వచ్చిన కరపత్రంలో వేరే విధంగా ఉంటే ఆ కరపత్రమే ప్రమాణం.

1. టీకా ఒంట్లో ఏం చేస్తుంది

మెదడు అడుగుభాగం నుంచి గొనడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్, పొట్టిగా జి.ఎన్.ఆర్.హెచ్., అనే చిన్న పదార్థం విడుదలవుతుంది. అది పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది. పిట్యూటరీ విడుదల చేసే హార్మోన్లు వృషణాలను పనిచేయిస్తాయి. టీకాలో ఉండేది ఆ జి.ఎన్.ఆర్.హెచ్.ను పోలిన ఒక ముక్క. అది ఒంటరిగా ఉంటే ఒళ్ళు దానిని తనదేనని వదిలివేస్తుంది కనుక, దానిని ఒక పెద్ద మాంసకృత్తికి అతికించి ఇస్తారు. అప్పుడు ఒళ్ళు పరాయిదని గుర్తించి దాని మీద ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసుకుంటుంది, అవి పంది సొంత జి.ఎన్.ఆర్.హెచ్.ను కూడా పట్టి కట్టివేస్తాయి. పై నుంచి ఆజ్ఞ ఆగిపోవడంతో వృషణాలు కుంచించుకుపోతాయి, టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్ పడిపోతుంది.

వండేటప్పుడు వచ్చే పోతు కంపుకు కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి వృషణాల్లో తయారై కొవ్వులో పేరుకునే ఆండ్రోస్టెనోన్. రెండోది పెద్దపేగులో సూక్ష్మజీవులు తయారుచేసే స్కటోల్. దీనిని కాలేయం విరిచివేయాలి కాని, మగ హార్మోన్లు ఎక్కువగా ఉన్న పందిలో ఆ పని మందగిస్తుంది. వృషణాలు చల్లబడితే మొదటిది తయారుకావడం ఆగుతుంది, రెండోదానిని కాలేయం తిరిగి శుభ్రం చేయగలుగుతుంది. అయితే కొవ్వులో అప్పటికే చేరిన కంపు వెంటనే పోదు. రెండో సూదికీ కోతకూ (పందిని మాంసానికి కోసే రోజుకూ) మధ్య కనీసం 4 వారాలు ఆగమనడం ఇందుకే.

ఇది హార్మోన్ ఇంజెక్షన్ కాదని కొనుగోలుదారులకు కూడా స్పష్టంగా చెప్పండి. మాంసంతో పాటు కడుపులోకి పోయినా ఈ మాంసకృత్తి అరిగిపోతుందే కాని టీకాగా పనిచేయదు. యూరప్‌లో దీనికి మాంసం విషయంలో మందు విడుపు గడువు, అంటే మందు అవశేషాలు పోయేవరకు కోతకు ఆగవలసిన రోజులు, సున్నాగా పెట్టారు.

2. కొనడానికి ముందు తేల్చుకోవలసినవి

టీకా మాట ఎత్తే ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

☐ ఈ పందిని జాతి పెంపకానికి ఉంచుకుంటారా? అయితే దానికి ఈ టీకా వేయకూడదు.
☐ ఎన్ని నెలలకు అమ్ముతారు? పోతు కంపు యుక్తవయసుతో వస్తుంది. మూడు నాలుగు నెలలకే పిల్లలను అమ్మివేసేవారికి టీకా ఖర్చు వృథా.
☐ కోత తేదీ ఇంచుమించుగా అయినా తెలుసా? తెలియకపోతే ఈ పద్ధతి మీకు కుదరదు.
☐ మగపిల్లలన్నింటికీ చెవిపోగులు ఉన్నాయా?
☐ సూది వేసే మనిషి ఎవరు? ఆ మనిషి రెండుసార్లూ అందుబాటులో ఉంటారా?

మన దేశంలో పశువుల టీకాల తయారీ, దిగుమతి, అమ్మకం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తాయి. కనుక మండల పశువైద్యాధికారి ద్వారా ఆ టీకాకు ఇక్కడ అమ్మకపు అనుమతి ఉన్నదీ లేనిదీ చూసుకొని, రసీదుతోనే తీసుకోండి. విదేశం నుంచి బంధువు సంచిలో తెచ్చిన సీసా, కొరియర్‌లో వచ్చిన సీసా దారిలో ఎంత ఎండను చూసి వచ్చాయో ఎవరూ చెప్పలేరు. వాటిని ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోవద్దు.

దుక్కిటెద్దుల విషయం కూడా అడుగుతున్నారు. ఈ టీకా ప్రభావం కొన్ని నెలలపాటే ఉంటుంది, ఆ తరువాత వృషణాలు తిరిగి పనిలోకి రావచ్చు. ఏళ్ళ తరబడి బండికి, కాడికి కట్టవలసిన కోడెకు పశువైద్యుడి చేత మత్తు ఇప్పించి, చర్మం కోయకుండా నొక్కే బర్డిజో పటకారుతో చేయించడమే సరైన దారి. పొట్టేళ్ళకు, మేకపోతులకు పందుల మోతాదును సగం చేసి, పావు చేసి వేయడం వంటి ఊహాగానాలు వద్దు. ఇక కుక్కల చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ గుళిక అసలు టీకాయే కాదు, అది వేరే మందు.

3. అమ్మే రోజు నుంచి వెనక్కి లెక్క

చాలామంది పుట్టిన రోజు నుంచి ముందుకు లెక్కపెడతారు. అలా కాకుండా కోత రోజును గోడ క్యాలెండరు మీద ముందుగా గుర్తుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి రండి. గుర్తుంచుకోవలసిన నియమాలు ఇవి:

• మొదటి సూది 8 వారాల వయసు దాటిన తరువాతే.
• రెండు సూదుల మధ్య కనీసం 4 వారాలు.
• రెండో సూదికీ కోతకూ మధ్య 4 నుంచి 6 వారాలు. తప్పనిసరైతే 10 వారాల వరకు ఆగవచ్చు, అంతకు మించకూడదు.

మన ప్రాంతంలో క్రిస్మస్ గిరాకీ పెద్దది కనుక దానినే ఉదాహరణగా తీసుకుందాం. జూన్ మూడో వారంలో పుట్టిన పిల్లలను డిసెంబరు 22న కోతకు ఇవ్వాలనుకుంటే, క్యాలెండరు ఇలా ఉంటుంది.

• అక్టోబరు 13: మొదటి సూది
• నవంబరు 17: రెండో సూది
• డిసెంబరు 1: పరీక్ష
• డిసెంబరు 15: రెండో సూదికి 4 వారాలు పూర్తి
• డిసెంబరు 22: కోత

రెండు సూదుల మధ్య 5 వారాలు పెట్టడంలో ఉద్దేశం ఉంది. అక్టోబరు, నవంబరు మన కోస్తాకు తుపానుల కాలం. నవంబరు 17న గాలివాన ముంచుకొచ్చి పని ఆగితే నాలుగు రోజులు వెనక్కి జరపవచ్చు, అప్పటికి కూడా కోతకు 4 వారాలు మిగిలే ఉంటాయి. ముందే తుపాను కబురు తెలిస్తే నవంబరు 10 వరకు ముందుకు జరపవచ్చు, ఎందుకంటే ఆ రోజుకు మొదటి సూది వేసి సరిగ్గా 4 వారాలు అవుతాయి. అంతకంటే ముందుకు మాత్రం ఒక్క రోజు కూడా జరపకూడదు. ఆలస్యం అయితే అమ్మకం తేదీని జరుపుకొని సర్దుకోవచ్చు కాని, తొందరపడి మూడో వారంలోనే రెండో సూది వేస్తే ఒంట్లో రావలసిన స్పందన రాకపోవచ్చు, ఆ సూది దండగ కావచ్చు.

లంక గ్రామాల్లో ఉన్నవారికి జులై నుంచి సెప్టెంబరు వరకు ఇదే లెక్క గోదావరిని బట్టి వేసుకోవాలి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ కబురు విన్న తరువాత పడవ మీద టీకా పెట్టెతో బయలుదేరడం తెలివైన పని కాదు. వరద నెలల్లో రెండో సూది పడేలా ఉంటే, టీకాను ముందుగా లంకకు చేర్చి అక్కడ ఫ్రిజ్‌లో పెట్టడం కంటే, మొదటి సూదినే ఆలస్యంగా వేయించడం మేలు. వరదలో మొదట పోయేది కరెంటే కదా.

4. చల్లదనం: మన దగ్గర ఎక్కువగా చెడేది ఇక్కడే

టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య, వెలుతురు తగలకుండా ఉండాలి. ఎండదెబ్బ గురించి అందరూ జాగ్రత్త పడతారు కాని, గడ్డకట్టడం గురించి పట్టించుకునేవారు తక్కువ.

డెల్టాలో చేపల, రొయ్యల వ్యాపారం పుణ్యమా అని ప్రతి ఊళ్ళోనూ థర్మాకోల్ పెట్టెలు, ఐసు దొరుకుతాయి. ఆ సౌకర్యమే ఇక్కడ ప్రమాదం తెస్తుంది. కొన్నేళ్ళ క్రితం ఒక లంకకు గాలికుంటు టీకా సీసాలను రొయ్యల పెట్టెలో పలిగిన ఐసు మధ్య గుచ్చి తీసుకువెళ్ళాం. రేవు దాటి పెట్టె తెరిచేసరికి అడుగున ఉన్న రెండు సీసాల గాజుకు లోపలి వైపున తెల్లటి పొర కట్టి ఉంది. అరచేతిలో పెట్టుకుంటే కరిగింది కాని, ఊపినప్పుడు మునుపటిలా ఒకే రంగుగా కలవలేదు. పైన పలుచని నీరు, కింద తరకలు. ఆ రెండు సీసాలనూ పారవేసి, మిగిలిన ఇళ్ళకు మరునాడు వెళ్ళవలసి వచ్చింది. జి.ఎన్.ఆర్.హెచ్. టీకాను కూడా గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకట్టి కరిగిన సీసా పైకి బాగానే కనిపించినా వాడవద్దు.

పెట్టెను ఇలా సర్దుకోండి.

☐ పలిగిన ఐసు బదులు ఐస్ ప్యాక్‌లు వాడండి. ఫ్రీజర్‌లో నుంచి తీసిన వెంటనే పెట్టకుండా, బయట ఉంచి పైన చెమట పట్టాక పెట్టండి.
☐ ప్యాక్‌కూ సీసాకూ మధ్య మడతపెట్టిన పాత తువ్వాలు ఉండాలి.
☐ సీసాలను అట్టపెట్టెలోనే ఉంచండి. వెలుతురు తగలదు, ఐసు కూడా తాకదు.
☐ లోపల చిన్న థర్మామీటరు ఉంచి, బయలుదేరేటప్పుడు, చేరాక అంకె చూసి రాసుకోండి.
☐ ఇంటి ఫ్రిజ్‌లో అయితే మధ్య అరలో పెట్టండి. ఫ్రీజర్ గోడకు ఆనించవద్దు, తలుపు అరలో వద్దు.

తుపాను హెచ్చరిక ఉన్న వారంలో టీకా కొనకండి. అప్పటికే కొని ఉంటే ఇన్వర్టర్ మీద నడిచే ఫ్రిజ్ ఎక్కడ ఉందో ముందే చూసుకొని అక్కడకు మార్చండి. ఒకసారి సూది గుచ్చిన సీసాను ఎన్ని రోజులు ఉంచవచ్చో, మళ్ళీ ఎన్నిసార్లు గుచ్చవచ్చో కరపత్రంలో ఉంటుంది. తెరిచిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. నన్నడిగితే, చిన్న మందలు ఉన్నవారు ఒకే రోజు నలుగురు కలిసి వేయించుకొని సీసాను ఆ రోజే ఖాళీ చేయడం అన్నిటికంటే క్షేమం. అయితే ఆ నలుగురి దొడ్ల మధ్య సూది, బూట్లు, తాళ్ళు మాత్రం ఉమ్మడిగా తిరగకూడదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో 2020లో బయటపడింది, దానికి ఇక్కడ వాడుకలో టీకా లేదు. ఒక దొడ్డి నుంచి మరో దొడ్డికి నెత్తుటి సూదితో అది చేరితే మంద మొత్తం పోతుంది.

5. సూది పట్టే మనిషి క్షేమం

ఈ భాగాన్ని దాటవేసి ముందుకు వెళ్ళవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మనిషి ఒంట్లోని జి.ఎన్.ఆర్.హెచ్., పంది ఒంట్లోనిది ఒకటే. పొరపాటున ఈ టీకా మనిషికి గుచ్చుకుంటే పందిలో జరిగేదే మనిషిలోనూ జరగవచ్చు: మగవారిలో, ఆడవారిలో కూడా లైంగిక హార్మోన్లు, సంతాన శక్తి తాత్కాలికంగా తగ్గవచ్చు, గర్భానికి హాని కలగవచ్చు. మొదటిసారి గుచ్చుకున్నప్పటి కంటే రెండోసారి ప్రమాదం ఎక్కువ. కారణం పైన చెప్పుకున్నదే, రెండో సూదితోనే కదా పని జరిగేది.

☐ మామూలు సిరంజితో వేయకూడదు. సూదికి కవచం, మీట పొరపాటున నొక్కుకుపోకుండా అడ్డు, ఈ రెండూ ఉన్న భద్రతా ఇంజెక్టర్ తప్పనిసరి.
☐ గర్భిణులు, గర్భం ఉండవచ్చని అనుమానం ఉన్నవారు ఈ సూది వేయకూడదు.
☐ ఇంతకు ముందు ఎప్పుడైనా ఈ టీకా పొరపాటున గుచ్చుకున్న మనిషి ఇక జన్మలో దీనిని వేయకూడదు.
☐ పందిని పట్టేవారు వేరు, సూది వేసేవారు వేరు. ఒకే మనిషి రెండు పనులూ చేస్తున్నప్పుడే చేతికి గుచ్చుకుంటుంది.

గుచ్చుకుంటే పారే శుభ్రమైన నీటితో బాగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. సీసా మీది చీటీని లేదా కరపత్రాన్ని వెంట తీసుకువెళ్ళి డాక్టరుకు చూపండి. "పందుల టీకా గుచ్చుకుంది" అని మాత్రమే చెబితే డ్యూటీలో ఉన్న డాక్టరు ఏదో స్వైన్ ఫీవర్ టీకా అనుకునే అవకాశం ఉంది.

చాలా ఇళ్ళలో పందుల పని చూసేది ఆడవారే. కాబట్టి ఈ సంగతులు ఇంటి పెద్దకు చెప్పి ఊరుకోకుండా, దొడ్డిలో పనిచేసే ప్రతి మనిషికీ విడివిడిగా చెప్పండి.

6. సూది వేసే రోజు, వరుస క్రమంలో

పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. పందికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడే వీలు లేదు. ఉక్కపోతలో పట్టి లాగితే సూది వల్ల కాకుండా వేడి వల్లే పడిపోతుంది.

ముందు రోజు సాయంత్రం. మగ పందులన్నింటినీ వేరు చేసి, చెవిపోగు నంబర్ల జాబితా రాయండి. జ్వరంతో ఉన్నవి, మేత ముట్టనివి ఉంటే వాటిని పక్కన పెట్టి పశువైద్యుడికి చూపండి. బురదలో పొర్లే వీలు లేకుండా సిమెంటు గచ్చు మీద ఉంచండి.

ఉదయం. చెవి వెనుక మెడ భాగాన్ని చూడండి. బురద ఉంటే కడిగి, ఆరనివ్వండి. తడి చర్మం మీద, మురికి చర్మం మీద సూది గుచ్చితే మురికి లోపలికి పోయి చీము గడ్డ అవుతుంది. డెల్టా పందికి ఒళ్ళు పొడిగా ఉండటం అరుదు కనుక ఈ ఒక్క పనికే అరగంట అదనంగా కేటాయించుకోండి. అదే సమయంలో సీసాను పెట్టెలో నుంచి తీసి నీడలో ఉంచితే మందు అతిచల్లదనం పోతుంది.

ఇంజెక్టర్ సరిచూడటం. మోతాదు పందికి 2 మి.లీ.; చిన్నదైనా పెద్దదైనా అదే. గొట్టంలో గాలి బుడగలు పోయేవరకు మందును ఒక గిన్నెలోకి రెండు మూడుసార్లు నొక్కండి. బుడగ ఉంటే మీట నొక్కిన చప్పుడు వస్తుంది కాని, పందిలోకి సగం మందే పోతుంది.

చోటు. చెవి మొదలుకు సరిగ్గా వెనుక, మెడ పక్క భాగం. మందు చర్మం కింద చేరాలి, కండలోకి కాదు. సూదిని చర్మానికి నిటారుగా పెట్టండి. పెద్ద పందులకు సూది 12 నుంచి 15 మిల్లీమీటర్ల లోతు దిగాలి. 16 వారాల లోపు వాటికి, వయసు వచ్చినా బక్కగా ఉన్నవాటికి 5 నుంచి 9 మిల్లీమీటర్ల లోతు చాలు. కవచం కొంత పొడవును కప్పివేస్తుంది, పంది అదిరినప్పుడు కొంత వెనక్కి వస్తుంది. సూది పొడవును ఎంచుకునేటప్పుడు ఈ రెండూ లెక్కలోకి తీసుకోండి. మెడలో ఇంకా వెనక్కి, భుజం వైపు వెళితే కొవ్వు మందం ఎక్కువ. అక్కడ వేసిన మందు కొవ్వులో నిలిచిపోయి ఒంటికి సరిగా అందకపోవచ్చు.

వేయడం. ముక్కుతాడుతో గానీ పలకతో మూలకు నొక్కి గానీ పందిని ఆపండి. సూదిని ఆనించి, మీట పూర్తిగా నొక్కి, ఒక క్షణం ఆగి తీయండి. మందు బయటకు కారితే ఆ నంబరును వెంటనే చెప్పి రాయించండి. వేసిన ప్రతిదానికీ వీపు మీద రంగు గీత పెట్టండి. మొదటి సూదికి నీలం, రెండోదానికి ఎరుపు అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు. సూది వంగినా, మొద్దుబారినా వెంటనే మార్చండి.

లెక్క. పని పూర్తయ్యాక ఖర్చయిన మందును లెక్కవేయండి. బుడగలు పోవడానికి గిన్నెలోకి నొక్కింది కాక, 20 పందులకు 40 మి.లీ. ఖర్చు కావాలి. 36 మాత్రమే అయితే రెండు పందులకు పడవలసినంత మందు ఎక్కడో పడలేదు. 44 అయితే రెండు పందులకు రెండేసిసార్లు పడి ఉండవచ్చు, లేదా కారిపోయి ఉండవచ్చు. గీతలు చూసుకొని, జాబితా చూసుకొని, అక్కడికక్కడే తేల్చండి.

తరువాత అరగంట. దొడ్డి వదిలి వెళ్ళవద్దు. అరుదుగా ఒక పందికి సూది పడిన నిమిషాల్లోనే ఆయాసం, చొంగ, ఒళ్ళు నీలిబారడం, కూలబడటం వంటివి రావచ్చు. పశువైద్యుడు పక్కన ఉండవలసింది ఇందుకే. సూది చోట వాపు, ఒక రోజు కొద్దిపాటి జ్వరం మామూలే. వాపు నెమ్మదిగా దానంతటదే తగ్గుతుంది.

7. డిసెంబరు 1న చూడవలసినవి

రెండో సూది పడిన 14వ రోజు పరీక్షను చాలామంది వదిలివేస్తారు. నా దృష్టిలో ఈ మొత్తం పద్ధతిలో డబ్బు ఖర్చు లేకుండా నష్టాన్ని ఆపగలిగేది ఇదే. పదిహేను నిమిషాలు దొడ్డి బయట నిలబడి చూడండి.

మొదట పంది ప్రవర్తన. సూది పట్టిన పంది ఈపాటికి నెమ్మదించి ఉండాలి: తిని పడుకోవడం, మరోదాని మీద ఎక్కకపోవడం, కొట్లాడకపోవడం. ఒకటి మాత్రం ఇంకా పక్కవాటి మీదికి ఎక్కుతూ, నోట నురగ కక్కుతూ, గోడ వెంట తిరుగుతూ ఉంటే దాని నంబరు రాయండి. తరువాత వెనుక నుంచి వృషణాలను చూడండి. సూది పట్టినవాటిలో అవి చిన్నవై, బిగువు తగ్గి, పైన చర్మం ఎరుపు తగ్గి పాలిపోయి ఉంటాయి. సూది పట్టనిదానికి బిగుతుగా, ఎర్రగా, నిండుగా ఉంటాయి. పక్కపక్కన నిలబెట్టి చూస్తే పసివాడికైనా తేడా తెలుస్తుంది.

అనుమానం ఉన్నదానికి ఆ రోజే మరొక మోతాదు వేయించండి. దాని కోత లెక్క ఆ రోజు నుంచి తిరిగి మొదలవుతుంది. డిసెంబరు 1న తిరిగి సూది పడిన పందికి 4 వారాలు డిసెంబరు 29న నిండుతాయి, అంటే అది క్రిస్మస్‌కు పనికిరాదు, సంక్రాంతికి పనికి వస్తుంది. దాని చెవిపోగుకు ఎర్రదారం కట్టి ఉంచండి. బేరగాడు వచ్చిన రోజు హడావుడిలో అది మిగతావాటితో బండి ఎక్కకూడదు.

8. రెండో సూది తరువాత మేత

రెండో సూది పడేవరకు ఈ పంది విత్తు కొట్టనిదే. అది తక్కువ మేతతో ఎక్కువ కండ పెంచుతుంది, కనుక దానికి మాంసకృత్తులు బాగా ఉన్న మేత కావాలి. టీకా పద్ధతిలో పెంపకందారుకు మిగిలే లాభంలో పెద్ద వాటా ఈ రోజులదే.

రెండో సూది పడిన సుమారు పది, పద్నాలుగు రోజులకు ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు పెంపకందారుకు ముచ్చట వేసి తవుడు, నూకలు తొట్టి నిండా పోస్తాడు. పంది బరువు తూగుతుంది కాని, అందులో కొవ్వు వాటా ఎక్కువ. తవుడును హద్దులో ఉంచండి. సోయా చెక్క వంటి మాంసకృత్తుల మేతను ఒక్కసారిగా తీసివేయకండి, పశువైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించండి. తొట్టిలో అన్నింటికీ ఒకేసారి మూతి పెట్టే చోటు ఉండాలి, లేకపోతే బలహీనమైనది ఎండుతుంది. హోటల్ మిగుళ్ళు పెట్టేవారు వాటిని బాగా ఉడికించాకే పెట్టాలి.

డెల్టాకు ప్రత్యేకమైన ఒక మాట. చేపల వ్యర్థం, రొయ్య తలకాయలు చవకగా దొరుకుతాయని చివరి వారాల్లో కూడా పెడుతుంటారు. దానివల్ల కొవ్వుకు నీచు వాసన పడుతుంది. కొనుగోలుదారుకు పోతు కంపు, నీచు కంపు తేడా తెలియదు. "మీ టీకా పనిచేయలేదండీ" అంటాడు. కోతకు నెల ముందు నుంచి చేప సంబంధమైనవేవీ పెట్టవద్దు. అలాగే స్కటోల్ పేడ, మూత్రంలో పొర్లినా ఒంట్లోకి చేరుతుంది కనుక చివరి రెండు వారాలు గచ్చును రోజూ కడిగి, పడుకునే చోటు పొడిగా ఉంచండి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాటు

మొదటి సూది ఏ పందికో తప్పింది, రెండోది పడింది. ఆ పందికి పడింది నిజానికి మొదటి సూదే. 4 వారాలు ఆగి మరొకటి వేయించి, అక్కడి నుంచి మరో 4 వారాలు ఆగాలి. అంత సమయం లేకపోతే దానిని ఈ పండగ లెక్కలో నుంచి తీసివేయండి.

మొదటి సూది తరువాత పందులు నెమ్మదించలేదని కంగారు. నెమ్మదించవు. మొదటి సూదికి వృషణాల్లో మార్పు రాదు, రావలసిన అవసరం లేదు. ఈ కంగారులో రెండో వారంలోనే రెండో సూది వేయించినవారు డబ్బు పోగొట్టుకుంటారు.

తుపాను వల్ల కోత ఆగింది. రెండో సూది నుంచి 10 వారాల లోపు అమ్మగలిగితే ఇబ్బంది లేదు. మన ఉదాహరణలో నవంబరు 17 నుంచి జనవరి 26 వరకు. ఆ తేదీ కూడా దాటేలా ఉంటే పశువైద్యుడితో మాట్లాడండి. అనుమానం తీర్చుకోకుండా సంతకు పంపవద్దు.

సూది చోట చీము గడ్డ. మురికి చర్మం మీద గుచ్చడం వల్ల వస్తుంది. గడ్డను మీరే కోయకుండా పశువైద్యుడికి చూపండి. కోత రోజు ఆ భాగాన్ని కోసి తీసివేయించండి. యాంటిబయోటిక్ వాడితే దానికి ఉన్న విడుపు గడువు వేరుగా పాటించాలి. టీకాకు సున్నా రోజులే కదా అని దానికీ అదే వర్తింపజేయకూడదు.

ఆడ, మగ పందులు కలిసే ఉన్నాయి. రెండో సూది పనిచేసే వరకు మగవి కట్టగలవు. ఐదు నెలలు వచ్చేసరికి వేరు చేయండి.

10. కోత రోజు, కొనుగోలుదారు

టీకా పడిన పందికి వృషణాలు ఒంటి మీదే ఉంటాయి. బేరగాడు వెనక్కి వెళ్ళి చూసి, "విత్తు కొట్టలేదు కదా" అని ధర తగ్గిస్తాడు. దీనికి జవాబుగా ప్రతి పందికీ ఒక కార్డు ఉండాలి: చెవిపోగు నంబరు, రెండు సూదుల తేదీలు, సీసా బ్యాచ్ నంబరు, 14వ రోజు పరీక్ష ఫలితం, పశువైద్యుడి సంతకం. బేరం మొదలుకాకముందే కార్డు చూపండి, తరువాత చూపితే సాకులా వినిపిస్తుంది.

నమ్మకం కుదరని కొనుగోలుదారు ముందు వేడి పరీక్ష చేయవచ్చు. కోసిన పంది మెడ భాగం నుంచి గుప్పెడు కొవ్వు తీసి, ఏమీ వేయని శుభ్రమైన మూకుడులో వేడి చేసి, ఆవిరి పైకి లేచేటప్పుడు వాసన చూడాలి. ఒక్కరే చూస్తే చాలదు. ఆండ్రోస్టెనోన్ వాసన పుట్టుకతోనే తెలియనివారు చాలామంది ఉంటారు, ఆడవారికి సాధారణంగా మగవారి కంటే బాగా తెలుస్తుంది. కనుక ముగ్గురు నలుగురిని పిలవండి, వారిలో వంట చేసే ఆడవారు ఉండేలా చూడండి. చెమట, మూత్రం కలిసినట్టుండే ఘాటు ఆండ్రోస్టెనోన్‌ది, పేడ వాసన స్కటోల్‌ది, నీచు మేతది. ఏ వాసన వచ్చిందో కార్డు వెనుక రాసుకుంటే తరువాతి మందకు ఏ అంచె సరిచేసుకోవాలో తెలుస్తుంది.

ఖాళీ సీసాలను, సూదులను కాలువలో గానీ చెరువు గట్టున గానీ పడవేయవద్దు. సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, సీసాలతో పాటు పశువైద్యశాలకు అప్పగించండి.